మనవాళ్ళు చెప్పిన మాట

మా దేశం పుట్టాక వచ్చిన మొదటి వానాకాలం అది. అంతకుముందూ వానలు పడేవి, నది పొంగేది, కింది వీధిలోకి నీళ్ళొచ్చేవి. కానీ అప్పుడవి ఉత్త నీళ్ళు. ఆ ఏటి నుంచే అవి వాళ్ళ నీళ్ళయ్యాయి.

నేను ఆనకట్ట మీద గేట్ల గదిలో పనిచేసేదాన్ని. ఊళ్ళో అందరూ గేట్లమ్మ అనేవాళ్ళు. నీటిమట్టం చూడటం, ఎగువ నుంచి కబురొస్తే ఇంజనీరుగారికి చెప్పడం, ఆయన ఎత్తమన్న గేట్లు ఎత్తడం, దించమన్నవి దించడం, అంతే నా పని. ఎగువ నుంచంటే పెద్ద ఆనకట్ట నుంచి. అక్కడికీ మా గదికీ నేరుగా ఒక ఫోను ఉండేది. అవతల పలికేది దాదాపు ఎప్పుడూ ఒకే గొంతు. నేను ఉద్యోగంలో చేరిన రోజున "ఎవరమ్మా, కొత్త గొంతు?" అని అడిగితే, "నేను బాబాయ్" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, నోటికలా వచ్చేసింది. ఆయన కాదనలేదు. ఆ మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. పొడుగో పొట్టో తెలీదు. మాటల చివర కాస్త సాగదీస్తాడు, ఎగువ వాళ్ళందరిలాగే. "నీళ్ళొదులుతున్నానమ్మాయ్, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో" అనేవాడు. పని మాట అయిపోయాక ఫోను పెట్టబోతూ "అన్నం తిన్నావా?" అనేవాడు. తినకపోతే అరిచేవాడు.

దేశం రెండైన రోజు నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. బడి మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. మావారు ఆ బడిలోనే మాస్టారు. పిల్లల చేత కొత్త పాట పాడించారు. నా పక్కన నిలబడ్డావిడ ఎవరో తెలీదు, నా చెయ్యి పట్టుకుంది. నేనూ గట్టిగా పట్టుకున్నాను. అంతమంది ఒక్కసారిగా నావాళ్ళైపోవడం అంతకుముందు నేనెరగను. అది అబద్ధమని ఇప్పుడు కూడా అనలేను.

కొన్నాళ్ళకే గేట్ల గదికి ఉత్తర్వు వచ్చింది. ఎగువ ఆనకట్టతో ఇక నేరుగా మాట్లాడకూడదు. వాళ్ళు నీళ్ళొదలాలంటే వాళ్ళ రాజధాని మన రాజధానికి చెబుతుంది. మన రాజధాని జిల్లాకి, జిల్లా ఇంజనీరుగారికి, ఇంజనీరుగారు నాకు. అదీ వరస.

ఆ సాయంత్రం ఫోను ఆఖరిసారి మోగింది.

"రేపట్నించి ఇది మోగదటమ్మాయ్. నీకూ చెప్పారా?"

"చెప్పారు బాబాయ్."

"ఇన్నాళ్ళూ పక్క గదిలో ఉన్నట్టే ఉన్నాను. ఇప్పుడు చూడు, పరాయి దేశపోణ్ణైపోయాను. నువ్వు నన్ను విసుక్కోవాలన్నా పాస్‌పోర్టు కావాలి." నవ్వాడు. నేనూ నవ్వాను. "మీ ఇంటి దగ్గర్లో ఎక్కడైనా ఫోనుందా?" అని అడిగాడు.

"వీధి చివర మందుల షాపులో ఉంది."

"నంబరు చెప్పు. చెయ్యననుకో. ఊరికే ఉంటుంది."

చెప్పాను. మర్నాడొక మనిషి వచ్చి ఫోను ఊడదీసి పట్టుకెళ్ళాడు. గోడకున్న మేకులు కూడా వదల్లేదు.

*

మా ఇంట్లో ఆ రోజుల్లో సందడే సందడి. అత్తయ్య, మావారు, మరిది, నేను. మా అత్తయ్య అంతకుముందు ఏ ప్రభుత్వాన్నీ నమ్మిన మనిషి కాదు. పెద్దాసుపత్రికి నిలువుగా వెళ్ళినవాళ్ళు అడ్డంగా వస్తారనేది. పోలీసు ఎదురైతే వీధి మారేది. ప్రభుత్వ కొళాయి నీళ్ళు మరగకాచి, చల్లార్చి, వాసన చూసి, అప్పుడు మొక్కలకి పోసేది. అలాంటి మనిషి కొత్త దేశం వచ్చాక మోకాళ్ళ నొప్పికి అదే ఆసుపత్రికి, ఎవరూ చెప్పకుండా తనంతట తనే వెళ్ళొచ్చింది.

"సూది వేశారా?" అని అడిగాను.

"వేశారు. మనవాళ్ళు కదా, నొప్పే తెలీలేదు."

"డాక్టరు పాతాయనే కదమ్మా!" అన్నాడు మరిది.

"అయితే ఏంట్రా? అప్పుడు వాళ్ళ కింద చేసేవాడు. ఇప్పుడు మన కింద చేస్తున్నాడు."

అందరం పడీ పడీ నవ్వాం. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆవిడ నిజంగానే అన్నది.

మరిది బోర్డులు రాసేవాడు. కింది వీధిలో, నది గట్టుకి ఆనుకుని అతని షెడ్డు. ఊళ్ళో అందరికీ బోర్డులబ్బాయి. కొత్త దేశం రావడంతో అతనికి ఊపిరాడనంత పని. పోస్టాఫీసు, కోర్టు, బడి, పన్నుల ఆఫీసు, మా ఆనకట్ట, అన్నిటి మీదా పాత పేర్లు చెరిపి కొత్త పేర్లు రాయాలి, పక్కన కొత్త గుర్తు వెయ్యాలి. రెక్కలు విప్పిన కొంగ మా దేశపు గుర్తు. మొదట్లో అతను వేసిన కొంగ బాతులా ఉందని అన్నగారు ఏడిపించేవారు. నాలుగు ఆఫీసులు దాటేసరికి చెయ్యి కుదిరింది. ఎంత కుదిరిందంటే, రాజధాని నుంచి అచ్చయి వచ్చిన కొంగ కన్నా మా ఊరి కొంగే బాగుంటుందనేవాళ్ళు.

"ఈ ఊళ్ళో ప్రభుత్వమంటే నా చేతిరాతే వదినా" అనేవాడు అన్నం తింటూ. గోళ్ళ నిండా నీలం రంగు ఉండేది. "రేపు నేను తలకిందులుగా వేశాననుకో, దేశం మొత్తం తలకిందులే."

మావారు పిల్లల చేత దేశపటం గీయించేవారు. కళ్ళు మూసుకుని గియ్యగలిగేదాకా వదిలేవారు కాదు. ఇంటి గోడ మీద కూడా ఒకటి అంటించారు. అందులో మా నది పటం పై అంచు నుంచి మొదలవుతుంది. ఆ పైన అంతా తెల్ల కాగితం.

"పైన ఏమీ గియ్యలేదేం?" అని అడిగానొకసారి.

"పైన మన దేశం కాదుగా."

"నది వచ్చేది అటునుంచేగా."

"మనది మనం గీస్తాం. వాళ్ళది వాళ్ళు గీసుకుంటారు" అన్నారు. విసుగ్గా కాదు, పాఠం చెప్పినట్టు.

నేను అప్పుడప్పుడూ నోరు జారి "బాబాయ్ ఉంటే ఈపాటికి చెప్పేవాడు" అనేదాన్ని. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు మావారు కంచంలోంచి తల ఎత్తకుండా "ఇంకా బాబాయ్ ఏంటి?" అన్నారు. అంతే అన్నారు. ఆ తర్వాత నేను ఆ మాట ఇంట్లో అనలేదు. గేట్ల గదిలో అందామంటే వినేవాళ్ళు లేరు. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని, నీళ్ళు చూసుకుంటూ, డబ్బాలో తెచ్చుకున్నది తినేదాన్ని. తినకపోతే అడిగేవాళ్ళు లేరు కాబట్టి కొన్నిసార్లు తినేదాన్ని కాదు.

*

ఆ ఏడు వాన మొదలుపెట్టాక ఆగడం మర్చిపోయింది. బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన. నది రంగు మారింది. ప్రతి పూటా రేడియోలో మా దేశపు వార్తలు, వాటి చివర నదుల సంగతి వచ్చేది. చదివే అమ్మాయి గొంతు చక్కగా ఉండేది. "ప్రమాదమేమీ లేదు" అని ఆ అమ్మాయి అనగానే, అత్తయ్య "విన్నారుగా" అని రేడియో కట్టేసేది. అంతకుముందు వాన పడితే ఆవిడే అందరికన్నా ముందు మూటలు సర్దేది.

జెండా ఎగరేసి ఏడాది నిండబోతోంది, జెండా పండగ దగ్గరపడింది. జిల్లా మొత్తానికి కొత్త బోర్డులు మరిదికే అప్పగించారు. షెడ్డంతా బోర్డులు. వాన తేమకి రంగు ఆరక, కిందో బొగ్గుల కుంపటి పెట్టుకుని, రాత్రీ పగలూ అక్కడే ఉంటున్నాడు. భోజనం నేను పట్టుకెళ్తే తినేవాడు, లేకపోతే లేదు.

ఆ రోజు నాకు మధ్యాహ్నంతో పని అయిపోయింది. ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే మందుల షాపాయన గొడుగేసుకుని వచ్చాడు.

"గేట్లమ్మా, నీకు ఫోను. ఎవరో బాబాయట."

తలకి కట్టిన తువ్వాలుతోనే పరిగెత్తాను.

"అమ్మాయ్, నేను." గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఎప్పుడూ సాగదీసే మనిషి మాటలు తుంచి తుంచి అంటున్నాడు. "ఎక్కువసేపు మాట్లాడలేను, ఇది మా అల్లుడి దుకాణం. మాకిక్కడ నిండిపోయింది. ఇక ఆపలేం. సాయంత్రానికి గేట్లన్నీ ఎత్తేస్తున్నారు. అన్నీ. మీకు చెప్పారా?"

"లేదే. రేడియోలో ప్రమాదం లేదన్నారు."

"పొద్దున్నే మా పైవాళ్ళు మీ పైవాళ్ళకి చెప్పారమ్మా. నా కళ్ళ ముందే పంపారు. అది మీ దగ్గరికి రాలేదంటే దారిలో ఎవడి బల్ల మీదో కూర్చుని ఉంటుంది. నువ్వు దానికోసం చూడకు. కింద ఉన్నవాళ్ళని పైకి తీసుకుపో. దీపాలు పెట్టేవేళకి నీళ్ళు అక్కడుంటాయి."

"బాబాయ్, మీకేమైనా..."

"నా సంగతి వదిలెయ్. వెళ్ళు" అన్నాడు. ఫోను పెట్టేశాడు. అన్నం తిన్నావా అని అడగలేదు.

*

ఇంజనీరుగారు మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా విన్నవాళ్ళు ఆయన్ని వేరేగా అనుకుంటారు. నేను చెప్పినదంతా నిలబడి విన్నారు.

"ఎవరు చెప్పారన్నారు?"

మళ్ళీ చెప్పాను.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. జిల్లాకి ఫోను కలపమన్నారు. కలవలేదు. వానకి లైన్లు పోయాయి. మళ్ళీ ప్రయత్నించారు. కిటికీలోంచి నది వైపు చూశారు.

"అమ్మా, మన గేట్లు కొన్ని ఎత్తించగలను. అది నా చేతిలో ఉంది. కానీ వీధి ఖాళీ చెయ్యమని ఆఫీసు తరఫున చెప్పాలంటే పైనుంచి మాట రావాలి. అవతలి దేశపు మనిషి ఎవరో దొంగచాటుగా ఫోను చేశాడని నేను జనాన్ని వానలో వీధిన పడేసి, తీరా ఏమీ జరక్కపోతే? జెండా పండగ ముందు మన ఊరు హడలి పారిపోయిందని వాళ్ళ రేడియోలో చెప్పుకుని నవ్వుతారు. వాళ్ళకి కావలసింది అదే అయితే?"

"ఆయన అలాంటివాడు కాదండీ."

"మీరాయన్ని చూశారా?"

చూడలేదు. ఆయన తప్పుగా అడగలేదు కూడా.

"మీరు గేట్ల గదికి వెళ్ళండి" అన్నారు. "లేదులెండి, మీ పని అయిపోయిందిగా. ఇంటికెళ్ళండి."

ఇంటికి వెళ్ళలేదు. ఆఫీసు వానకోటు తొడుక్కుని కింది వీధికి దిగాను. దాని వీపు మీద మరిది వేసిన కొంగే ఉంది.

షెడ్డులో మరిది నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, కొంగ రెక్కకి అంచు దిద్దుతున్నాడు. రేడియో పాడుతోంది. గోడలకి చుట్టూ బోర్డులు ఆనించి ఉన్నాయి, అన్నీ పచ్చి రంగుతో మెరుస్తూ.

"వదినా! వానలో అన్నం తెచ్చావా?"

"అన్నం కాదు. లే. ఇంటికి పద. నీళ్ళొస్తున్నాయి."

"ఇంజనీరుగారు చెప్పారా?"

అతనికి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. "లేదు. బాబాయ్ ఫోను చేశాడు" అన్నాను.

కుంచె ఆపి నా వంక చూశాడు. వెటకారంగా కాదు, జాలిగా. "వదినా, ఆయన నీకు మంచివాడే. కాదనను. కానీ ఇప్పుడు అక్కడి మనిషి. వాళ్ళు ఆయన చేత చేయించి ఉండొచ్చు కదా? మనల్ని భయపెట్టి పండగ చెడగొడదామని. ఇందాకే రేడియోలో చెప్పారు, ప్రమాదం లేదని. మనవాళ్ళకి తెలీకుండా ఉంటుందా?"

"వాళ్ళకింకా కబురు అందలేదు."

"అందితే చెప్తారు. చెప్పగానే వచ్చేస్తాను. చూడు, ఇవన్నీ పచ్చిగా ఉన్నాయి. కదిపితే అలికినట్టైపోతాయి. ఈ పూట ఆరితే చాలు."

బతిమాలాను. తిట్టాను. చెయ్యి పట్టుకు లాగాను. నవ్వుతూనే విడిపించుకున్నాడు. నా మణికట్టుకి నీలం రంగు అంటింది.

అతనితో అయ్యే పని కాదని బయటికొచ్చాను. పక్కింటి దర్జీ తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నా అరుపులు విన్నాడేమో.

"ఏంటమ్మా గేట్లమ్మా?"

"నీళ్ళొస్తున్నాయి తాతా. దీపాల వేళకి. అందరూ బడికి వెళ్ళాలి."

"ఎవరు చెప్పారు?"

వాన చప్పుడులో ఆ రెండు మాటలే స్పష్టంగా వినబడ్డాయి. ఎవరు చెప్పారు. వీధి మొత్తం అదే అడుగుతుందని నాకు ఆ క్షణాన అర్థమైంది.

"మన ఇంజనీరుగారు చెప్పారు" అన్నాను.

"మనవాళ్ళే చెప్పారా! మరి అలా చెప్పవేం?" అని తాత లోపలికి తిరిగి కేకేశాడు. "ఒసేయ్, మిషను తల ఊడదియ్యి! ఆఫీసువాళ్ళు కబురు పంపారు!"

ఇక నేను ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. మాట నా ముందు పరిగెత్తింది. ఆఫీసు చెప్పిందట, మనవాళ్ళు చెప్పారట. ఎన్నో ఏళ్ళ నుంచి మీదకి నీళ్ళొస్తున్నా మంచం దిగని వీధి అది. పోలీసులొచ్చి కర్రలు చూపించినా కదలని వీధి. ఆ రోజు పిల్లల్ని చంకనెత్తుకుని, ముసలివాళ్ళని కుర్చీల్లో మోసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు పేరుపెట్టి పిలుచుకుంటూ, తోసుకోకుండా గట్టెక్కి వెళ్ళిపోయింది. నా వీపు మీది కొంగని చూసి దణ్ణం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

మరిది షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. నేను తాతతో అన్నది విన్నాడు. ఒక్క మాట అంటే చాలు, వీధంతా ఆగిపోయేది. ఆ మాట అతను అనలేదు. నా వంక చూసి, కన్ను కొట్టి, "కథలు బాగానే చెప్తున్నావు వదినా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. వచ్చి తాత కుట్టుమిషను భుజానికెత్తుకున్నాడు. గట్టు మీదిదాకా మోసి దించాడు. వెనక్కి వెళ్తుంటే అరిచాను.

"ఈ రంగు ఆరగానే వచ్చేస్తా" అన్నాడు, తిరిగి చూడకుండా చెయ్యి ఊపి.

*

బాబాయ్ చెప్పిన వేళకే వచ్చాయి. బడి వరండాలో నిలబడి చూశాను. పెద్ద శబ్దమేమీ రాలేదు. గట్టు అవతల కనిపించే ఇళ్ళ కప్పులు, ఒకటి తర్వాత ఒకటి, కనిపించడం మానేశాయి. అంతే. అత్తయ్య వచ్చినవాళ్ళకి దుప్పట్లు పంచుతోంది. చిన్నకొడుకు ఇంట్లో ఉన్నాడనుకుంది. తమ్ముడు షెడ్డులోనే ఉన్నాడని తెలిసి మావారు గట్టు దాకా పరిగెత్తారు. అక్కడి నుంచి నలుగురు పట్టుకుని వెనక్కి తెచ్చారు.

నీళ్ళు తీశాక ఊళ్ళో ఎక్కడ చూసినా బోర్డులే. చెట్ల కొమ్మల్లో, ఆసుపత్రి మెట్ల మీద, సంత పాకల మధ్య. కొన్నిటి మీద కొంగ చెక్కుచెదరలేదు. అంటే ఆరాయన్నమాట. మరిది మాత్రం ధాన్యం గిడ్డంగి వెనక గోడ వారన దొరికాడు. కింది వీధిలో పోయింది అతనొక్కడే.

మర్నాడు రేడియోలో అదే చక్కటి గొంతు చెప్పింది. పొరుగు దేశం ముందు చెప్పకుండా నీళ్ళు వదిలిందనీ, మన అధికారుల అప్రమత్తత వల్ల వందలమంది ప్రాణాలు దక్కాయనీ. వీధి చివర జనం గుంపుగా నిలబడి విన్నారు. దర్జీ తాత ఏడుస్తూ నా తల నిమిరాడు.

ఇంటికొచ్చాక మావారితో అన్నాను. అప్పటికింకా ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"వాళ్ళు చెప్పే వదిలారండీ."

"ఎవరికి చెప్పారు?"

"నాకు. బాబాయ్ నాకు ఫోను చేసి చెప్పాడు. వాళ్ళ పైవాళ్ళు మనవాళ్ళకి పొద్దున్నే చెప్పారట."

"నీకు చెప్పారు." ఆయన నా వైపు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వేమైనా దేశానివా?"

పెళ్ళయినప్పటినుంచీ ఆయన నాతో గొంతు పెంచింది లేదు. అప్పుడూ పెంచలేదు. ఆ మాట అనేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత ఒక మంచం మీదే చాలా ఏళ్ళు పడుకున్నాం. మధ్యలో ఆ మాట కూడా పడుకునేది.

ఇంజనీరుగారు పరామర్శకి వచ్చారు. అత్తయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీరు ముందే చెప్పించారు బాబూ. మావాడికే రాసిపెట్టి లేదు." ఆయన ముఖం పాలిపోయింది. వెళ్తూ నన్ను వీధి గుమ్మం దాకా రమ్మని సైగ చేశారు.

"రాజధాని కబురు నా దగ్గరికి మర్నాడొచ్చింది" అన్నారు. "మీ బాబాయ్ చెప్పిందే అందులోనూ ఉంది."

నేను వీధి తలుపు దగ్గరగా వేశాను.

"నాకు మెడల్ ఇస్తామంటున్నారు. వద్దని రాశాను. ఒప్పుకోలేదు." కాసేపు చెప్పుల వైపు చూసుకున్నారు. "అమ్మా, ఒక్క మాట. మీరు నిజం చెప్తానంటే నేను ఆపను. ఆపే ముఖం నాకు లేదు. కానీ ఒకటి ఆలోచించండి. మొన్న ఆఫీసు చెప్పిందంటే ఆ వీధి కదిలింది. మొట్టమొదటిసారి కదిలింది. ఆఫీసు చెప్పలేదని ఇప్పుడు తెలిస్తే, వచ్చే ఏడు నేను నిజంగా చెప్పినప్పుడు ఎవరూ కదలరు."

ఆయన చెప్పింది నిజమే. నేను ఎరిగింది కూడా నిజమే. రెండూ ఒక నోట్లో పట్టవు.

మందుల షాపాయన ఒకరోజు మామూలుగా అడిగాడు, "ఆ రోజు ఫోను చేసిందెవరమ్మా?" అని.

"మా బంధువులు" అన్నాను.

"ఎక్కడుంటారు?"

"దూరం" అన్నాను. చిల్లర తీసుకుని వచ్చేశాను.

బాబాయ్ ఏమయ్యాడో తెలీలేదు. తర్వాత ఎప్పటికో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని మళ్ళీ గేట్ల గదిలో ఫోను పెట్టాయి. అవతల ఎవరో కుర్రవాడు. నీటిమట్టం చెప్పి, నేను తిరిగి చెప్పింది సరిగ్గా విని, "ధన్యవాదాలు మేడమ్" అనేవాడు. పాతాయన గురించి అడిగాను. "ఆ సమాచారం మా దగ్గర లేదు మేడమ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

*

వానలు వెనకపట్టాక జెండా పండగ చేశారు, కాస్త ఆలస్యంగా. గట్టు మీద మరిది పేరుతో ఒక రాయి నిలబెట్టారు. పొరుగువాళ్ళ నీళ్ళకి బలైనవాడని రాశారు. చెక్కినవాడు పొరుగూరివాడు. కొంగ మళ్ళీ బాతులాగే వచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఎవరితోనైనా అందామని తల తిప్పాను. ఆ మాటకి నాతో కలిసి నవ్వే మనిషి ఆ రాయి మీదే ఉన్నాడు.

మావారు మాట్లాడారు. తమ్ముడి గురించి నాలుగు ముక్కలు చెప్పి, తర్వాత దేశం గురించి చెప్పారు. దేశం గురించి చెప్పేటప్పుడు గొంతు నిలదొక్కుకుంది. ఆయనకి పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలని అప్పుడు నాకు అర్థమైంది. తప్పు పట్టలేకపోయాను. పిల్లలు పాట పాడారు. ఏడాది కిందట నా చెయ్యి పట్టుకున్నావిడ ఆ గుంపులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. ఈసారి నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం అత్తయ్యకి కంచంలో అన్నం పెట్టి పట్టుకెళ్ళాను. కొడుకు పోయినప్పటినుంచీ ఆవిడ సరిగ్గా తినడం లేదు. రెండు ముద్దలు మింగి కంచం తోసేసేది. గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. కంచం అందుకోలేదు.

"నిన్నొకటి అడుగుతాను. దాచకుండా చెప్పు" అంది.

"అడగండత్తయ్యా."

"వీధిలో అందరికీ చెప్పావట. ఒక్కళ్ళనీ వదల్లేదట. వాడికి చెప్పావా?"

"చెప్పాను."

"మన ఇంజనీరుగారు చెప్పారని చెప్పావా? మనవాళ్ళ మాటని చెప్పావా?"

మావారు పక్క గదిలో ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

అత్తయ్య నా ముఖంలోకే చూస్తోంది. ఆ కళ్ళలో ఏముందో నాకు తెలుసు. చెప్పలేదంటే, తన కొడుకు ఒక్కడికే కబురు అందలేదని ఆవిడ బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే, వాడు నమ్మిందే వాణ్ణి ముంచిందని తెలుస్తుంది. వాడు మొండివాడు కాదు. చెప్పగానే వస్తానన్నవాడు. నా అబద్ధాన్ని కాసినవాడు.

"చెప్పానత్తయ్యా" అన్నాను. "మన ఇంజనీరుగారు చెప్పారనే చెప్పాను."

ఆవిడ గోడ వదిలి నిటారుగా కూర్చుంది.

"మరి వినలేదా వెధవ?" అంది. "మనవాళ్ళు చెప్పినా వినలేదా? చిన్నప్పటినుంచీ అంతే. వద్దంటే చెట్టెక్కేవాడు. జ్వరంలో చన్నీళ్ళు పోసుకునేవాడు. ఎవరి మాటా చెవిన పెట్టడు. ఎంతమంది చెప్పినా తన ఇష్టమే..."

తిడుతూనే కంచం దగ్గరికి లాక్కుంది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ముద్ద కలిపింది. ఒక ముద్ద తింటుంది, ఒక తిట్టు తిడుతుంది, మధ్యలో కొంగుతో ముక్కు తుడుచుకుంటుంది. పక్క గదిలో కాగితాల చప్పుడు మళ్ళీ మొదలైంది.

కంచం ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను. వాణ్ణి అంటున్న ఒక్కో మాటకీ, "అవునత్తయ్యా" అంటూ.